చల్లారిన చాయ్

"బిడ్డ జెర పాలిపోయినట్టుంది కల్పలతా. కండ్లు సుత తెల్లగున్నయి."

పక్క వాటాలో కొత్తగా దిగిన ప్రేమమణి ఆ మాట అనడమే పాపమైంది.

ఆమె గడప దాటిందో లేదో, కల్పలత రెండేళ్ల కూతురు మిన్నుకు ఎండుమిరపకాయలతో దిష్టి తీసి స్టవ్ మీద మాడ్చింది. ఆ ఘాటుకు గోడ అవతల ప్రేమమణి కూడా దగ్గింది. దిష్టి ఎవరిదో ఆమెకు తెలియకపోతే కదా!

మళ్లీ ఆ మాట ఎత్తలేదామె.

కల్పలత బాధ కల్పలతది. బిడ్డకు రక్తం తక్కువుందని డాక్టరమ్మ కూడా చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రక్తం తక్కువైతే బిడ్డకూ తక్కువేనని ఇద్దరికీ మందులు రాసింది. వాడుతున్నా గుణం లేదు. చిలకలగూడలోని ఆ మేడ మెట్లు రెండెక్కితే చాలు, మిన్ను ఆయాసపడి ఎత్తుకోమనేది. తప్పంతా తనదేనని తల్లి మనసు కుమిలిపోయేది.

పొద్దస్తమానం జాకెట్లు కుట్టే మనిషికి తీరికేది? లాలాగూడ వర్క్‌షాప్‌కు వెళ్లే భర్త లక్ష్మణ్‌కు క్యారేజీ కట్టాక, మధ్యాహ్నం తల్లీకూతుళ్లకు చాయ్, రస్కులే భోజనం.

వారం తిరక్కుండా ప్రేమమణి మళ్లీ వచ్చింది, సరిగ్గా చాయ్ వడగట్టే వేళకు.

"నాకిస్తవా జెర? ఈ వాసనకు ఉండబుద్ధి అయితలేదు."

ఒకటి కాదు, రెండు గ్లాసులూ పట్టుకుపోయింది. చల్లారాక తాగడం అలవాటట.

రోజూ ఇదే తంతు. మళ్లీ పెడదామంటే పాలుండవు. అయితే ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగిచ్చే మనిషి కాదామె. ఒకనాడు పల్లీలు, బెల్లం. ఒకనాడు నిమ్మకాయ పిండిన ఉడికించిన శనగలు. గ్లాసుల వెంట తోటకూర పప్పన్నం కూడా వచ్చేది. ఆకలి మీదున్న తల్లీబిడ్డలు అవే తినేవారు.

"చాయ్ పిచ్చి ముసలమ్మ" అని లక్ష్మణ్‌తో చెప్పి నవ్వేది కల్పలత.

చలికాలం వచ్చేసరికి మిన్ను మెట్లన్నీ తనే ఎక్కుతోంది. ఇద్దరికీ రక్తం పెరిగిందని డాక్టరమ్మ సంతోషించింది. ఇదివరకు తిండి వేళ చాయ్ తాగేవాళ్లా అని అడిగింది.

"తాగేటోళ్లం మేడమ్. ఇప్పుడు మా పక్కింటామె తాగుతది."

డాక్టరమ్మ నవ్వింది. చాయ్ వల్లే మందూ తిండీ ఒంటబట్టలేదని, ఆ పక్కింటామెకు దండం పెట్టుకోమని చెప్పింది.

పెట్టుకుందామనే అనుకుంది కల్పలత. ఇంతలో క్రిస్మస్ జాకెట్లు మీద పడ్డాయి. ఆ సందడిలోనే ఒక తెల్లవారుజామున ప్రేమమణి నిద్రలోనే కన్నుమూసింది.

చావింటికి చాయ్ కల్పలతే కాచి తీసుకుపోయింది. అందరికీ ఇచ్చి, ఒక గ్లాసు ప్రేమమణి ఫొటో ముందు పెట్టింది. చల్లారితేనే ఆమెకు ఇష్టమని తలుచుకుంటే కన్నీళ్లు ఆగలేదు.

ప్రేమమణి కొడుకు సామ్యూల్ ఆ గ్లాసు వైపు వింతగా చూశాడు.

"అమ్మకు చాయ్ ఎందుకక్కా? జిందగీల ముట్టలేదు. మీ ఇంట్ల తెచ్చిందంతా చల్లారినంక గులాబీ కుండీల పోసేది. ఎందుకమ్మా అంటే, 'ఆ పిల్లను మెట్లెక్కనీ, అప్పుడు చెప్త' అన్నది."