ఆన్ అయితే చాలు

లాప్‌టాప్ ఆన్ కాలేదు.

నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి ఆగిపోయాయి. పద్మకుమారి ఆపి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే ముక్కలు.

పక్కన చిన్నారి అన్నం కంచం ముట్టకుండా కూర్చుంది. నాన్న కథ వినిపిస్తే గాని ఆ పిల్లకి ముద్ద దిగదు.

గొంతు ఆపరేషన్‌కి ముందు, విశాఖ ఆసుపత్రి మంచం మీద కూర్చుని దేవీప్రసాద్ కూతురి కోసం కథలు చెప్పి ఆ లాప్‌టాప్‌లో దాచాడు. ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరింది ఆ పాత లాప్‌టాప్ ఒక్కటే.

దాని సంగతులేవీ పద్మకుమారికి తెలియవు. ఎక్కడ నొక్కితే ఆయన మాట్లాడతాడో అంతవరకే తెలుసు.

మర్నాడు ఫోను చిన్నారి చేతికిచ్చి, పిల్లని పక్కింట్లో వదిలి, లాప్‌టాప్‌ని పాత చీరలో చుట్టుకుని ఆటో ఎక్కింది.

స్టేషన్ రోడ్డులో పైడిరాజు రిపేరు షాపు ఇంకా తెరవలేదు. మెట్ల మీదే కూర్చుంది.

ఎండెక్కాక వచ్చాడతను. అడుగు మూత విప్పి తుడిచాడు, బిగించాడు, ఏవేవో మీటలు నొక్కాడు. ఇది విండోస్ కాదని, లైనక్స్ అని, లోపల బూట్ పోయిందని, అనకాపల్లిలో దీన్ని ఎవరూ వాడరని చెప్పాడు.

"ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించేత్తానక్కా. సాయంత్రానికి ఆన్ అయిపోద్ది."

ఆన్ అవుతుందన్న మాటే ఆమెకి వినపడింది. లోపల ఏముందో అతను అడగలేదు. ఫార్మాట్ అంటే ఏమిటో ఆమె అడగలేదు.

అప్పుడే ఒకతను ఆయాసపడుతూ మెట్లెక్కాడు. మాసిన గడ్డం, మెడకి తువ్వాలు. తిన్నగా ఆమె దగ్గరికొచ్చి వద్దు వద్దన్నట్టు రెండు చేతులూ ఊపాడు. నోరు తెరిచాడు గాని మాట రాలేదు. జేబులోంచి ఫోన్ తీసి, ఏదో టైపు చేసి ఆమె ముందు పెట్టాడు.

బస్సుల్లో మూగవాళ్ళమని ఒళ్ళో కార్డులు పెట్టి అడుక్కునేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. చదవకుండానే పర్సులోంచి చిల్లర తీసి అతని చేతిలో పెట్టింది.

అతను ఆ చిల్లర బల్ల మీద పెట్టేసి లాప్‌టాప్ మీద చెయ్యి వేశాడు.

ఆమె బెదిరిపోయి దాన్ని గుండెకి హత్తుకుంది. "మా ఆయన గుర్తు ఇదొక్కటే ఉంది బాబూ. దీని జోలికి రాకు."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ ఫోన్ చూపించబోయాడు. పైడిరాజు లేచి, రెక్క పట్టుకుని మెట్లు దింపేశాడు.

లాప్‌టాప్ అప్పగించి ఆమె బయటికి వచ్చేటప్పటికి అతను ఇంకా ఎండలోనే నిలబడి ఉన్నాడు. తల తిప్పుకుని ఆటో ఎక్కేసింది.

సాయంత్రం ఇంటికి తెచ్చాక లాప్‌టాప్ ఆన్ అయింది.

తెర మీద కొత్త బొమ్మ వచ్చింది. కథలు లేవు. ఎంత వెతికినా లేవు. పైడిరాజుకి ఫోన్ చేస్తే, ఫార్మాట్ అయ్యాక పాతవేవీ ఉండవని, కావాలంటే ముందే చెప్పాల్సిందని అన్నాడు.

చిన్నారి తెర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నాన్న ఎప్పుడు మాటాడతాడమ్మా?"



దీపాలు పెట్టే వేళకి అన్నయ్య సూర్యనారాయణ వచ్చాడు. ఆసుపత్రిలో దేవీప్రసాద్‌ని కనిపెట్టుకుని ఉన్నది అతనే. పొద్దున్న ఫోన్ చేస్తే, లాప్‌టాప్ పాడైందని, అమ్మ స్టేషన్ రోడ్డు షాపుకెళ్ళిందని చిన్నారి చెప్పిందట. వెంటనే సన్యాసిరావుకి మెసేజ్ పెట్టాడట. కథలు పోకుండా తనే బాగుచేస్తానని, రోలుగుంట నుంచి బస్సెక్కి వస్తానని అతను రాశాడట.

"సన్యాసిరావు ఎవరన్నయ్యా?"

"మెడకి తువ్వాలు చుట్టుకుంటాడు. మాట రాదు. షాపుకి రాలేదేటి?"

పద్మకుమారి లాప్‌టాప్‌ని అతని వైపు తిప్పింది. ఆ కథలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని మాత్రం అడిగింది. లేవన్నట్టు అతను తల ఊపాడు. ఖాళీ తెర చూశాక అతనికీ సంగతి అర్థమైంది.

లాప్‌టాప్ మూత వేసి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అది సన్యాసిరావు లాప్‌టాపే పద్మా. బావ పక్క మంచం ఆయంది. బావకన్నా ముందు ఆయనకే గొంతు తీసేసేరు. తన పిల్లలకి తన మాట ఒక్కటీ మిగల్లేదని, మన చిన్నారికైనా మిగలాలని, బావని కూకోబెట్టి ఆ కథలన్నీ రికార్డు చేసి ఇచ్చిందాయనే."