కత్తి కింద బల్లి

రేకులు కోసే షాపులో కంప్యూటరు చెబితే మిషను కత్తి దించేది. కంపెనీవాళ్లు దూరం నుంచే రిపేరు చేస్తారని ఓనరు దానికి ఇంటర్నెట్ వైరు తగిలించి అలాగే వదిలేశాడు.

మిషనులో రేకులు పెట్టే గవరయ్య టీకి వెళ్లగానే గోడ మీది బల్లి ఈగ కోసం కత్తి కిందికి దిగింది.

"పని లేనప్పుడైనా ఆ వైరు తీసెయ్యమని తెర మీద రాయన్నా. అందులోంచి ఎవడైనా దూరతాడు" అంది కంప్యూటరుతో.

"దసరాకి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టారు. నా జోలికెవడొస్తాడు?" అంది కంప్యూటరు.

అంతలో తెర మీద బాణం దానంతటదే కదిలింది.

"ఎవరది?" అంది కంప్యూటరు. వైరు గుండా కత్తి దించమన్న ఆజ్ఞ వచ్చింది. కాదనడం దానికి చేతకాదు.

కత్తి దిగింది. బల్లి దూకింది కానీ, తోక అక్కడే పడి గిలగిలా కొట్టుకుంది.

"నా తోక మళ్లీ మొలుస్తుందిలే" అంది బల్లి రొప్పుతూ. "అదుగో, గవరయ్య వస్తున్నాడు. ఆయన వేళ్లు మొలవవు."