వెనక్కి తిరిగిన ఆవకాయ

"కొత్తావకాయలో ఉప్పు ఎక్కువైందే అమ్మాయ్" అని అత్తగారు మాణిక్యమ్మ నాలుగు రోజులుగా సణుగుతోంది. కోడలు భ్రమరాంబ విసుగెత్తి, జాడీని వంటింటి రివర్సు పెట్టెలో పెట్టి కాలాన్ని వారం వెనక్కి తిప్పింది. విరిగిన పాలూ మాడిన కూరా ఇప్పుడు ఇంటింటా అలాగే బాగవుతున్నాయి.

తలుపు తీస్తే ఉప్పూ, కారమూ, ఆవపిండీ వేటికవి విడిపోయి ఉన్నాయి. పన్నెండు మామిడికాయలూ మళ్ళీ కాయలయ్యాయి గానీ, ఒక్కోదానికి ఒక ముక్క లేదు. కడుపులోకి వెళ్ళినదాన్ని పెట్టె వెనక్కి తేలేదు.

ఆ జాడీలోంచి భ్రమరాంబ ఇంకా ఎవరికీ వడ్డించనే లేదు.

"అత్తయ్యా, బీపీకి పచ్చళ్ళు మానేయమన్నాడు కదా డాక్టరు. ఉప్పెక్కువైందని మీకెలా తెలిసింది?"

మాణిక్యమ్మ ఒక కాయను కొంగుతో తుడుస్తూ, "బీపీ ఉంది కాబట్టేనే తగ్గించమన్నది. ఈసారి చూసి కలుపు" అంది.