ఎవరు పంపితే వచ్చింది?

ఆ పెద్దావిడ అడక్కుండానే ఫ్రిజ్ తలుపు తీసింది.

లోపల సగం కోసిన ఉల్లిపాయ, పాల డబ్బా, ఎప్పటిదో చారు. అంతే.

“మీ భార్య ఏం తింటోంది?” అని వచ్చీరాని ఇంగ్లిషులో అడిగింది.

నథానియేల్‌కు ఒళ్ళు మండింది. తన ఇంట్లో, తన ఫ్రిజ్ తెరిచి, తననే నిలదీయడానికి ఈవిడెవరు?

పేరు ఐజెలే; జర్మన్లు గౌరవంగా ఫ్రావ్ ఐజెలే అంటారు. ఊరి ఆరోగ్య కార్యాలయం తరఫున వచ్చానని చెప్పుకుంది. భార్య షారన్ పురుడు పోసుకుని పాపతో ఇంటికొచ్చిన మర్నాటి నుంచి వారానికి రెండుసార్లు వస్తోంది. పాపను గుడ్డ సంచిలాంటి త్రాసులో తూస్తుంది. షారన్ పక్కన కూర్చుని ఏవేవో అడుగుతుంది. వెళ్ళేముందు అన్నీ పుస్తకంలో రాసుకుంటుంది.

ఆ రోజు ఇంటి నుంచి పని చేస్తున్నాడు కాబట్టి నథానియేల్ మొదటిసారి ఆమె కంటపడ్డాడు.

“ఈమె నిద్రపోతోందా?” అని షారన్‌ను చూపిస్తూ అడిగింది ఆవిడ.

“పాప పడుకుంటే కదా తను పడుకునేది.”

“నేనడిగేది అది కాదు. పాప పడుకున్నాకైనా ఈమెకు నిద్ర పడుతోందా అని.”

అతనికి తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది.

“బాగానే పడుకుంటుంది,” అన్నాడు.

ఆవిడ అదీ రాసుకుంది.

మర్నాడు స్టుట్‌గార్ట్ ఆఫీసులో భోజనాల దగ్గర ఈ సంగతి తోటి ఉద్యోగి రవికిరణ్‌తో చెప్పాడు.

“అన్నా, జర పైలం,” అన్నాడు రవికిరణ్. “గట్లనే వస్తరు ఈడి సర్కారోళ్ళు. మంచిగ మాట్లాడతరు, అంతా రాస్కుంటరు. ఓ దినం కాయితం తెచ్చి పిల్లను తీస్కపోతరు.”

“నీకు తెలిసినవాళ్ళకెవరికైనా జరిగిందా?”

“తెలిసినోళ్ళకైతే కాలే. వాట్సాప్ గ్రూపుల చదివిన.”

ఇంటికొచ్చీరాగానే నథానియేల్ భార్యకు చెప్పాడు. “ఆవిడకి ఇంకేం చెప్పకు. వాళ్ళు పిల్లల్ని తీసుకుపోతారంట.”

పాప గౌను మడతపెడుతున్న షారన్ చెయ్యి ఆగింది.

“ఆవిడొచ్చి కూర్చుంటే నాకు కాస్త ఊపిరాడుతుందండి.”

“నీకు తెలీదులే.”

షారన్ మడతపెట్టిన గౌనునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

నథానియేల్ ఆరోగ్య కార్యాలయానికి ఫిర్యాదు రాశాడు. మీ మనిషి ఇంట్లో సామాన్లు తెరుస్తోంది, సొంత విషయాలు అడుగుతోంది, మాకు భయంగా ఉంది అని.

నాలుగో రోజున జవాబు వచ్చింది. “మీ ఇంటికి మేము ఎవరినీ పంపడం లేదు. తగిన చర్య తీసుకుంటాం.”

అయితే అంతా అబద్ధమేనన్నమాట.

శుక్రవారం బెల్లు మోగింది. నథానియేల్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆ ఉత్తరం చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. కాదనలేదు.

“మిమ్మల్ని ఎవరు పంపారు?”

ఆవిడ ఒక డాక్టరు నంబరు రాసిచ్చింది.

“ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. అప్పటిదాకా ఆమెను పాప దగ్గర ఒంటరిగా వదలకండి.”

“బెదిరిస్తున్నారా?”

ఆవిడ ఇంకా ఏదో అనబోతుండగానే తలుపు వేసేశాడు. నంబరు కాగితం చెత్తబుట్టలో పడేశాడు.

పది రోజులు గడిచాయి.

ఆ సాయంత్రం అతను ఎస్-బాన్ రైలు దిగి ఇంటికొచ్చేసరికి షారన్ వంటింట్లో నేలమీద గోడకానుకుని కూర్చుని ఉంది. పాప పడకగదిలో మంచం మీద ఉంది. ఏడవడం లేదు. కళ్ళు అరమూతలు పడ్డాయి. పెదాలు ఎండి బీటలు వారాయి.

“షారన్, పాలిచ్చావా?”

“ఇది మన పాప కాదండి,” అంది షారన్ ప్రశాంతంగా. “మన పాపను వాళ్ళు ఎప్పుడో తీసుకుపోయారు. దీన్ని తెచ్చి ఇక్కడ పడుకోబెట్టారు. నిన్నటి నుంచి నేను ముట్టుకోలేదు.”

నిన్న రాత్రి పాప ఏడవలేదని, అందరం హాయిగా పడుకున్నామని ఆ పొద్దునే అతను సంతోషించాడు.

పాపకు ఒక ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. షారన్‌ను ఇంకో ఆసుపత్రిలో, తాళం వేసి ఉంచే వార్డులో చేర్చారు. పాపకు ప్రాణగండం తప్పింది. షారన్ మాత్రం పాప ఫోటో చూపిస్తే మొహం తిప్పుకుంటోంది.

“బాలింతలకు వచ్చే ఈ మానసిక జబ్బు జాడలు ముందే కనిపిస్తాయి,” అంది షారన్‌ను చూసే డాక్టరు. “ఇంటికొచ్చి తల్లిని చూసి వెళ్ళే మంత్రసాని ఎవరూ లేరా?”

నథానియేల్‌కు చెత్తబుట్టలో పడేసిన నంబరు గుర్తొచ్చింది.

“ఈమె ఇంటికొచ్చేనాటికి ఒకరిని కుదుర్చుకోండి. లేకుండా పంపను.”

మర్నాడే ఆరోగ్య కార్యాలయానికి వెళ్ళాడు. కిటికీ వెనక ఒక చిన్న వయసు ఉద్యోగిని ఉంది.

“ఫ్రావ్ ఐజెలేను మళ్ళీ మా ఇంటికి పంపగలరా? నేను పొరపడ్డాను.”

“పంపడానికి మా దగ్గర ఎవరూ లేరండీ.”

“ఎవరో ఒకరు…”

“బాలింతల ఇళ్ళకు వెళ్ళే పథకానికి ప్రభుత్వం జనవరి నుంచి నిధులు ఆపేసింది. ఉన్న నలుగురు మంత్రసానుల్నీ తీసేశాం. ఐజెలే గారు అందులో అందరికంటే పెద్ద, ముప్పయ్యేళ్ళు చేశారు.”

“మరి మా ఇంటికి ఎవరు పంపితే వచ్చింది?”

ఆ అమ్మాయి కంప్యూటర్‌లో జాబితా తెరిచి చూసింది.

“ఇళ్ళకు వెళ్ళొద్దని నోటీసు ఇచ్చాక ఇప్పుడు ఎవరింటికీ వెళ్ళడం లేదు. మేం ఫోన్ చేసినా ఎత్తడం లేదు,” అంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది: “మా జాబితాలో దిక్కులేక మిగిలిపోయిన పదకొండుమంది తల్లుల ఇళ్ళకూ, మీ ఫిర్యాదు అందేదాకా, ఆవిడ జీతం లేకుండానే తిరిగారండీ.”