ఎర్ర ముద్ర

కంపెనీ రిపోర్టులకు రహస్య ముద్రలు వేయడం హైమ ఉద్యోగం. ఎర్ర ముద్ర పడిన సంగతి చెప్పబోతే చాలు, కంపెనీ ఆమె మెడకు తగిలించిన పట్టీ పీక నొక్కేస్తుంది. నాలుగో బాయిలర్ పగిలేలా ఉందన్న రిపోర్టుకు నిన్న అలవాటుగా ఎర్ర ముద్ర కొట్టేసింది.

"ఇవాళ్టి నుంచి నాకు నాలుగో బాయిలర్ దగ్గర డ్యూటీ," అన్నాడు మొగుడు సన్యాసిరావు, చెప్పులు వేసుకుంటూ.

"వెళ్లకండి, ఆ బా..." పట్టీ బిగిసింది. రాయబోయినా బిగిసింది. హైమ రోకలి ఎత్తి అతని మోకాలి మీద వేసింది. ఎముక విరిగింది.

"చంపేస్తావా, దెయ్యమా!"

పాక్కుంటూ గుమ్మం దాటబోతే రెండో కాలూ విరగ్గొట్టింది.

పది గంటలకు ఫ్యాక్టరీ వైపు నుంచి పెద్ద శబ్దం. కిటికీ అద్దాలు పగిలి ఇంట్లో పడ్డాయి. సన్యాసిరావు మూలుగు ఆపి, ఆమె మెడ మీది నెత్తుటి చార చూశాడు.

"బాయిలరా?"

హైమ తల ఊపబోయింది. పట్టీ మళ్లీ బిగిసింది.