అరగంట కదలకుండా

“కాసేపు కూర్చోవే అమ్మాయ్!”

మళ్ళీ మొదలుపెట్టింది కిటికీ పక్క మంచం మీది డబ్బా మామ్మ.

సిస్టర్‌కి ఒళ్ళు మండింది. వార్డు నిండా రోగులు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కతే చేస్తోంది. ఆ రోగుల్లో ఆమె కన్నతల్లి కూడా ఉంది. పక్షవాతంతో మాట పడిపోయి, మామ్మ పక్క మంచం మీదే పడుకుని ఉంది. తల్లి దగ్గర నిలబడడానికే తీరిక లేదు, ఇక కూర్చోవడమట!

మామ్మది వింత పిచ్చి. ఖాళీ పాలపొడి డబ్బాకి లోపల నల్లరంగు పూసి, సూదితో చిల్లు పొడిచి, ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క పెట్టి ఫోటోలు తీస్తుంది. ఎక్స్‌రే టెక్నీషియన్ వాటిని కడిగి ఇస్తాడు. వార్డులో చాలామంది దిండు కింద అవే ఉన్నాయి.

“మీ అమ్మతో ఫోటో తీస్తానే. అరగంట చాలు.”

“అరగంటా! ఫోన్‌లో అయితే చిటికెలో అయిపోతుంది.”

“మరి తీశావా?”

తీయలేదు. సిస్టర్ విసురుగా ఇంజెక్షన్ల ట్రే అందుకుంది.

“కదిలే మనుషులు ఇందులో పడరు. నువ్వేమో కాలు కాలిన పిల్లిలా తిరుగుతావు.”

“నన్ను చంపకు మామ్మా!”

ఆదివారం మధ్యాహ్నం ఇక ఓపిక లేక, ఆ పోరు పడలేక, అమ్మ పక్కన కుర్చీలో కూలబడింది. మామ్మ డబ్బాని బల్ల మీద పెట్టి చిల్లు మీది టేపు తీసింది.

అమ్మ చేయి పట్టుకోగానే ఆ వేళ్ళు మెల్లగా ముడుచుకుని తన వేళ్ళని పట్టుకున్నాయి. సిస్టర్‌కి ఏడుపొచ్చింది.

“కదలకే!” అంది మామ్మ.

మర్నాడు తెల్లారేసరికి అమ్మ లేదు.

సెలవు ముగిసి సిస్టర్ డ్యూటీకి వచ్చేసరికి కిటికీ పక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మామ్మ మొన్ననే పోయిందట. ఆమె మీద తానెంత విసుక్కుందో తలుచుకుంటే సిస్టర్‌కి సిగ్గేసింది.

మంచం పక్క బల్ల సొరుగులో డబ్బా దొరికింది. వెలుగు తగలకుండా తువ్వాలులో చుట్టి ఎక్స్‌రే గదికి పరుగెత్తింది. అమ్మతో తనకున్న ఒకే ఒక్క ఫోటో!

టెక్నీషియన్ చీకటి గదిలోకి వెళ్ళి వెంటనే బయటికొచ్చాడు.

“ఇందులో ఫిల్మ్ లేదు సిస్టర్.”

“ఎవరు తీసేశారు?”

“అసలు పెడితే కదా! మీ అమ్మగారు చేరేనాటికే నా దగ్గర ముక్కలు అయిపోయాయి. ఆ సంగతి మామ్మకీ తెలుసు. ‘లేకపోతే మాత్రమేం, ఆ తల్లి కళ్ళు రోజంతా కూతురి వెంటే తిరుగుతున్నాయి, ఎలాగోలా పిల్లని కూర్చోబెట్టాలి’ అనేది.”