నడి సొరుగు వెనక

ఫర్నిచర్ షాపులో కొత్త బల్ల మీద అతను వేలితో టకటకా కొట్టి, డాక్టరులా చెవి ఆనించి విన్నాడు.

ఏం వినిపించిందో అతనికే తెలియాలి.

“ఇది సాలిడ్ వుడ్డా, వెనీరా, లేక ఎం.డి.ఎఫా?”

అన్ని పేర్లు ఒక్కసారే వినేసరికి సేల్స్‌మన్ తడబడ్డాడు. “ఇంజినీర్డ్ వుడ్ సార్. టేకు ఫినిష్.”

అతను భార్య వైపు గర్వంగా చూశాడు. “విన్నావా? ఇంజినీర్డ్! మామూలు వడ్రంగులు చేసింది కాదు.”

పదిహేను రోజులుగా అతను ఫోన్లో కర్రల పేర్లు బట్టీ పడుతున్నాడు. గడియారాలు బాగుచేసే తండ్రి ముప్పై ఏళ్ళుగా ఒకే బల్ల మీద వంగి పనిచేస్తున్నాడు. కూతురింటికి వెళ్ళిన ఆయన రేపు వస్తాడు. వచ్చేసరికి కొత్త బల్ల వేసి ఆశ్చర్యపరచాలని కొడుకు ఆశ. పాతబల్లను మార్పిడి కింద ఇచ్చేయడానికి షాపు ముందు దింపించాడు కూడా.

“ఫినిష్ అంటే పైపూత బాబూ. టేకు కాదు.”

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

ఒక ముసలావిడ. భుజాన గుడ్డసంచి, అరిగిన చెప్పులు, జుట్టు ముడిలో పెన్సిలు ముక్క. ఆ పెన్సిలు చూసి భార్య నవ్వు ఆపుకుంది.

“చెక్కపొట్టు, జిగురు కలిపి నొక్కిన పలక ఇది. పైన టేకు బొమ్మ ఉన్న కాగితం అంటించారు. చూడు, గీతలన్నీ అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. నిజం కర్రలో గీత అంచు దిగి పక్కకి కూడా పోతుంది.”

సేల్స్‌మన్ మొహం మాడిపోయింది. “మీకేం కావాలమ్మా?”

“స్టూలు చూద్దామని వచ్చాలే. బయట ఆ ఆకుపచ్చ బల్ల ఎవరిది?”

“మాదే. డొక్కుది,” అన్నాడు అతను.

“ఆ పెయింటు కింద మంచి టేకు ఉంది నాయనా. సొరుగు మూలలు ఎప్పుడైనా చూశావా? వేళ్ళు పెనవేసినట్టు కర్రలో కర్ర దూర్చి ఉంటుంది. ఒక్క మేకు లేదు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ తల కాస్త పైకి లేచింది.

ఒక్క మేకు లేదన్న సంగతి అతనికి కొత్త కాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ తండ్రి చెప్పేదే. ‘మా మేస్త్రీ గారి పనితనం’ అని విని విని చెవులు తూట్లు పడ్డాయి. చిన్నప్పుడు ఆ మేస్త్రీకి మనసులో ఒక బుర్రమీసం కూడా తగిలించుకున్నాడు.

అతను భార్య చెవిలో గొణిగాడు. “పాత సామాన్లు కొనే మనిషి. మనల్ని బుట్టలో వేస్తోంది.”

“కొనేవాళ్ళు వస్తువుని పొగుడుతారా ఎక్కడైనా?”

“అదే కిటుకు. నీకు తెలీదు.” ఆవిడ వైపు తిరిగాడు. “మీకసలు కర్రల గురించి ఏం తెలుసమ్మా?”

“కొద్దిగా.”

“నేను పదిహేను రోజులు చదివాను.”

“మంచిది. ఇచ్చెయ్యాలనే ఉంటే ఇచ్చెయ్యి. ముందు ఆ నడి సొరుగు పూర్తిగా లాగి, లోపల ఎడమపక్క గట్టిగా నొక్కి చూడు.”

“సొరుగులన్నీ ఖాళీ చేసే తెచ్చాం. మీ దారిన మీరు వెళ్ళండి.”

ఆవిడ బయటికి వెళ్ళి, పాతబల్ల అంచు మీద అరచేత్తో ఒకసారి నిమిరింది.

మర్నాడు తండ్రి వచ్చాడు. కొత్త బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“బాగుందిరా. మరి పాతదేదీ?”

“షాపువాళ్ళకి ఇచ్చేశాం నాన్నా.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “నడి సొరుగు వెనక దొంగ అర ఉందిరా. అందులో మీ అమ్మ గడియారం దాచుకున్నాను.”

కొడుక్కి ముసలావిడ మాట గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఉన్నపళంగా షాపుకి పరిగెత్తాడు.

బల్ల అక్కడ లేదు.

“నిన్న మీరటు వెళ్ళగానే ఆ ముసలమ్మే కొనుక్కుంది సార్,” అన్నాడు సేల్స్‌మన్. “తోపుడుబండి మీద వేయించుకుని, పోతూపోతూ ఇది మీకిమ్మంది.”

గుడ్డలో చుట్టిన చిన్న చేతిగడియారం.

“తనెవరో చెప్పిందా?”

“అడిగినా చెప్పలేదు. ‘మీ కొట్లోకి వచ్చిన బల్లల్లో ఇదొక్కటే బల్ల’ అని మాత్రం అంది.”

ఇంటికొచ్చి గడియారం తండ్రి చేతిలో పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆయన దాన్ని గుప్పిట్లో మూసుకున్నాడు.

“ఆ అర ఉందని ఆవిడకెలా తెలిసింది నాన్నా? మీ మేస్త్రీ ఎవరికైనా చెప్పుంటాడా?”

“మూడో కంటికి తెలియనివ్వనని మాటిచ్చారు. ఆ మనిషి మాట తప్పే రకం కాదు.” ఆయన ఆగి, మెల్లగా అడిగాడు. “ఆవిడ జుట్టు ముడిలో పెన్సిలు ముక్క ఉందా?”

“ఉంది మామయ్యా,” అంది కోడలు.

తండ్రి నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు తడిగా ఉన్నా, మొహం గర్వంతో వెలిగిపోతోంది.

“ఎలాగైనా వెతికి, కాళ్ళావేళ్ళా పడి ఆ బల్ల తెచ్చేస్తాను నాన్నా.”

“వద్దురా, దాన్ని అడగడానికి మనకిక మొహం లేదు,” అన్నాడాయన. “ఒక్క మేకు కొట్టకుండా ఆ బల్ల చేసిన మేస్త్రీ గారు ఆవిడే.”